గంటె మల్లమ్మ బలహీనత

మొన్న బుధవారం సాయంత్రం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను హాల్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ముందు పాలు మాడిన కమురు వాసన వచ్చింది, దాని వెనకే సన్నగా గ్యాసు వాసన. ఎల్బీ నగర్ చౌరస్తా రొద మా మూడో అంతస్తు దాకా వినిపిస్తూనే ఉంటుంది గానీ ఆ క్షణంలో నాకు ఏదీ వినిపించలేదు. పరుగెత్తి పొయ్యి కట్టేసి, సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి వరండాలోకి వచ్చి పడ్డాను. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన, "పాలు పొంగినందుకు ఇంత హడావుడా?" అని నవ్వాడు. ఆయన అండాలమ్మను చూడలేదు. మీరూ చూడలేదు కాబట్టి చెబుతాను.

కొత్తపేటలో నేను పెళ్లికి ముందు ఆరేళ్లున్న లేడీస్ హాస్టల్లో అండాలమ్మ వంట చేసేది. నల్లగొండ వైపు పల్లె ఆమెది. భర్త పోయాక ఒక్కతే పట్నం వచ్చి, పాతికేళ్లుగా గరిటెనే నమ్ముకుని బతికిన మనిషి. నాది భీమవరం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పడానికి వచ్చాను. మొదటి రోజు వంటింటి గుమ్మంలో నిలబడి "ఆంటీ, మంచినీళ్లు" అన్నాను. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఆంటీ ఏంది? నేనేమన్న దొరసాని లెక్క కనవడుతున్ననా? పెద్దమ్మ అను," అంది. ఆ తర్వాత చెంబెడు నీళ్లిచ్చింది. ఇరవై ఇద్దరం ఆడపిల్లలం ఉండేవాళ్లం. అందరికీ ఆమె పెద్దమ్మే, మేమంతా ఆమెకు బిడ్డలమే.

ఆ వారంలోనే ఒక తప్పు చేశాను. పొయ్యి మీద పప్పుచారు తెర్లుతోంది. మా ఇంట్లో అలవాటే కదా అని గరిటెతో కాస్త అరచేతిలో వేసుకోబోయాను. చేతి మీద ఫట్‌మని దెబ్బ పడింది. "ఎంగిలి జేస్తవా? స్వామికి పెట్టలే ఇంక!" అని గద్దించింది. వంటింటి అలమరలో నరసింహస్వామి పటం ఉండేది. ఏది వండినా మొదటి గరిటె చిన్న స్టీలు గిన్నెలో ఆ పటం ముందు పెట్టాకే మిగతా లోకానికి. అంతవరకూ వండినామె కూడా నాలుక మీద వేసుకోకూడదు. నేను ఊరుకునే రకం కాదు. "మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అన్నాను. "ముక్కు లేదా?" అంటూ బగోనె మీదికి వంగింది. ఆవిరి ఒక్కసారి లోపలికి పీల్చి, "చిటికెడు తక్కువుంది," అని ఉప్పు వేసింది. కోతలు కోస్తోందనుకున్నాను. స్వామికి పెట్టాక తిని చూస్తే, ఒక్క రవ్వ ఎక్కువా లేదు, తక్కువా లేదు. నోరు వెళ్లబెట్టాను. ఉప్పుకు వాసనేంటి? అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలీదు.

అలా రెండేళ్లు దేవుడి తర్వాతి బంతిలో కూర్చుని రాజభోగం అనుభవించాను. తర్వాత ఆ మాయదారి జ్వరాలొచ్చాయి, హాస్టల్ మూతపడింది, నేను ఊరికి పోయాను. తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ వంట మారిపోయింది. ఒకరోజు కూరలో ఉప్పే ఉండదు, మర్నాడు నోట్లో పెట్టుకోలేం. ఒకసారి చింతపండు రెండుసార్లు పడింది. ఒకసారి పెరుగు పులిసి కంపు కొడుతుంటే అలాగే వడ్డించింది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం గానీ ఒక్కరం కూడా నోరు విప్పలేదు. ఎలా విప్పుతాం? అది స్వామికి పెట్టిన తిండాయె. దేవుడి ప్రసాదానికి వంకలు పెడతామా? పైగా ఆ ఏడు ఎవరింట్లో చూసినా ఎవరో ఒకరు పోయారు. ఈమెకు మనసు బాగోలేదేమో, అదే కుదుటపడుతుందిలే అనుకున్నాం. చాలా మర్యాదస్తులం మరి.

ఆట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నాలు భోజనాల బల్ల దగ్గర నేనూ, నా గది పంచుకునే లిఖితా, పక్క గది స్రవంతీ పాచికలతో ఒక ఆట ఆడేవాళ్లం. లిఖితది విజయవాడ, గ్రూప్స్ పరీక్షలకు చదువుతుండేది. స్రవంతిది సూర్యాపేట, రక్తపరీక్షల ల్యాబులో పని. ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర కట్టుకుని ఆ కథలో తిరుగుతారు. ఒకామె మంత్రగత్తె, ఒకామె విలుకత్తె. తలుపు బద్దలు కొట్టాలన్నా, రాక్షసుడి నుంచి తప్పించుకోవాలన్నా ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తారు. పాత్ర పేరు, బలం, తెలివి, సంచిలో ఏమున్నాయి, అన్నీ ఒక కాగితం మీద రాసుకుంటారు. కథ నడిపేది నేను. లెక్కల టీచర్ని కదా, నిబంధనల విషయంలో కచ్చితం. కచ్చితం అనేది నేను పెట్టుకున్న పేరు, పక్కవాళ్లు మొండితనం అనేవాళ్లు.

పెద్దమ్మ అవతలి బల్ల దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతూ వింటుండేది. ఒకరోజు మేం గుహలో ఒక రాక్షసుడితో గంటసేపు కొట్లాడి ఓడిపోయే స్థితిలో ఉండగా, ఉన్నట్టుండి అంది: "గా రాక్షసుడు పొద్దుగాల్ల సంది ఏమన్న తిన్నడా?"

ముగ్గురం తలలు తిప్పి చూశాం. "అదేం రాసుకోలేదు పెద్దమ్మా," అన్నాను.

"తినకుంటే కోపం రాదా మరి? ఊకె కొట్టుడేనా? ఇంత బువ్వ పెట్టి అడగరాదున్రి, ఏం గావాల్నో."

స్రవంతి పగలబడి నవ్వింది. "నువ్వు ఆడుతవా పెద్దమ్మా?" అని అడిగింది. ఈవిడ గోరుచిక్కుళ్ల గంప పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పున్రి, ఎట్ల ఆడాలె," అంది. యాభై అయిదేళ్ల మనిషి! నేను బిత్తరపోయాను.

ఆ మధ్యాహ్నమంతా ఆమె పాత్ర తయారు చేయడంతోనే సరిపోయింది. కత్తి వద్దంది, మంత్రదండం వద్దంది. "వంటామె ఉండదా మీ ఆటల?" అని అడిగింది. నిబంధనల పుస్తకంలో వంటామె లేదు. నా తల తిరిగిపోయింది గానీ ఎలాగో కుదిర్చాను. పేరు గంటె మల్లమ్మ. ఆయుధం మూరెడు ఇనప గంటె. డాలు బదులు పెద్ద బగోనె మూత. నడుముకు ఉప్పు, పసుపు, మిర్యాల మూటలు. పాచికలు వేసి వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా పెద్దది బలానికి పెట్టుకోమంటే వినలేదు. ఓర్పుకు పెట్టింది. "పొయ్యి ముంగట నిలవడాలె గద బిడ్డా," అంది. మంత్రం ఒకటి ఎంచుకోవాలన్నాను. "పప్పన్నంల ఇంత నెయ్యి పోసి పెడ్త. తిన్నోనికి కండ్లు మూతలు పడాలె. గంతే, ఇగ కొట్లాట లేదు," అంది. లిఖిత చప్పట్లు కొట్టింది. ఆ ఒక్క పాత్ర కోసం నేను కొత్త నిబంధనలు ఒకటిన్నర పేజీ రాశాను.

"ఆటల వాన గూడ నువ్వంటేనే పడతదా?" అని మధ్యలో అడిగింది.

"అవును పెద్దమ్మా. వానైనా, వరదైనా, రాక్షసుడైనా నేను చెప్పాలి."

"అంటే నువ్వే దేవునివి అన్నట్టు." ఆమె నవ్వలేదు. నేనే నవ్వాను.

చివరిగా బలహీనత. మా బల్ల దగ్గర నేను పెట్టిన నియమం అది. ఎంత గొప్ప వీరుడికైనా ఒక లోపం రాసుకోవాల్సిందే. లిఖిత మంత్రగత్తెకు నీళ్లంటే భయం, స్రవంతి విలుకత్తెకు అబద్ధం చెప్పడం చేతకాదు. "మల్లమ్మకు ఏం రాద్దాం?" అన్నాను. పెద్దమ్మ బల్ల మీద గీతలను గోటితో గీకింది. చివరికి మెల్లగా, "మల్లమ్మకు వాసన రాదు. రుచి గూడ తెల్వదు. రాయి బిడ్డా," అంది.

రాశాను. రాసి, చదువుకుని, ఫక్కున నవ్వాను. "అలా కుదరదు పెద్దమ్మా. రుచి తెలీని వంటామె ఏంటి? ఎవరైనా నమ్ముతారా? ఆటే నడవదు."

"నడవదా?"

"అస్సలు నడవదు."

రబ్బరు తీసుకుని తుడిచేశాను. ఆ స్థానంలో 'పిల్లి అంటే భయం' అని రాసి, "ఇది సరదాగా ఉంటుంది," అన్నాను. ఆమె ఆ కాగితం వైపు చూసింది. "సరే తీ. నువ్వే జెప్తివి గద," అని లేచి గోరుచిక్కుళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఇది రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. ఎంత తెలివైనదాన్ననుకున్నానో ఆ రోజు!

తర్వాత రెండు నెలలు మల్లమ్మ మా ఆటను ఒక ఊపు ఊపింది. గుహలో రాక్షసుడికి పప్పన్నం పెట్టి నిద్రపుచ్చింది. దారికి అడ్డం కూర్చున్న దొంగలకు జొన్నరొట్టెలు చేసి పెట్టి వాళ్లతోనే సామాను మోయించింది. వండిన ప్రతిసారీ మాత్రం మా పాత్రలను అడిగేది: "ఎట్లుందో జర చెప్పున్రి." మేం ముగ్గురం ఒకే గొంతుతో "అద్భుతం!" అనేవాళ్లం. "ఉప్పు సరిపోయిందా?" అని మళ్లీ అడిగేది. "అమోఘం పెద్దమ్మా!" అనేవాళ్లం. ఆట ముగించి అదే బల్ల మీద ఆమె వండిన చప్పిడి కూర కలుపుకుని తినేవాళ్లం. మాకు ఏమీ తట్టలేదు. ముగ్గురం చదువుకున్నవాళ్లమే.

ఆ శుక్రవారం నా ఉదయం క్లాసు రద్దయింది. పది గంటలకు హాస్టల్‌కి తిరిగి వచ్చాను. ఉద్యోగాలకు పోయినవాళ్లు పోగా, పైన గదుల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలు తొమ్మిదిమంది ఉన్నారు. గేటు తీసి నడవలోకి అడుగు పెట్టగానే గుప్పుమంది గ్యాసు. ఏదో కాస్త కారినట్టు కాదు, ఊపిరి ఆడనంతగా. గాలికి మంట ఆరిపోతోందని పెద్దమ్మ వంటింటి కిటికీ మూసుకునే అలవాటు. తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఆమె పొయ్యి ముందు తాపీగా నిలబడి ఉంది. పొయ్యి మీద పాలగిన్నె, చుట్టూ పొంగిన పాలు. ఆరిన మంటను మళ్లీ వెలిగిద్దామని కుడిచేత్తో లైటర్ ఎత్తింది.

"వద్దూ!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు. ఆమె వేలు ఆగింది. ఆ చేతిని లైటర్‌తో సహా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. లైటర్ నేల మీద పడింది. అది పడ్డప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. పొయ్యి కట్టేసి, సిలిండర్ కట్టేసి, కిటికీ రెక్కలు తోసి, ఆమె రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చాను. పైనున్న పిల్లలను గొంతు పెట్టి పిలిచి, స్విచ్చులు ముట్టుకోకుండా కిందికి రమ్మన్నాను. ఏదో సిలిండర్ కారిందిలే అనుకుని వాళ్లు రోడ్డు మీద నిలబడ్డారు. నేనూ ఆమే పెరట్లో తులసికోట పక్కన కూలబడ్డాం. ఆమెకు ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు.

"ఏమైంది బిడ్డా? గట్ల గుంజుకొస్తివి?"

"గ్యాసు! ఇల్లంతా గ్యాసు! నీకు వాసన రావట్లేదా పెద్దమ్మా?" అంతవరకూ నేను ఆమెను మీరు అనే పిలిచేదాన్ని. ఆ రోజు నోట్లోంచి నువ్వు వచ్చేసింది, మళ్లీ వెనక్కి పోలేదు.

ఆమె వంటింటి వైపు చూసింది. నా మొహం చూసింది. పాలు పొంగిన పొయ్యి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, పెదవులు తెల్లబడిపోయాయి. తల అడ్డంగా ఊపి అంది: "ఒస్తలేదు. రెండేండ్లు కావస్తున్నది. గా జ్వరమప్పుడు పోయింది, మల్ల రాలే. దవాఖానకు గూడ పోయిన. వస్తే వస్తది, లేకుంటే లేదన్నరు. నాలిక మీద ఏది పెట్టినా మట్టి లెక్కనే. కారం మండుతది, గంతే."

తల మీద పిడుగు పడ్డట్టయింది నాకు. రెండేళ్లు! ఉప్పు వాసన పట్టిన ముక్కు! స్వామికి పెట్టేదాకా రుచి చూడదనే మాట మాకందరికీ తెలుసు కాబట్టి, ఆమె నాలుక మీద ఏమీ వేసుకోకపోతే మేం భక్తి అనుకున్నాం. పాత నియమం చాటున ఆమె రెండేళ్లు దాక్కుంటే మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. భయం పోయి నాకు కోపం ముంచుకొచ్చింది. "ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? పైన తొమ్మిదిమంది ఉన్నారు!" అని అరిచేశాను.

ఆమె నా కళ్లలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"చెప్పిన గద బిడ్డా. మల్లమ్మకు వాసన రాదని చెప్పిన. ఆటల దేవునివి నువ్వే గద. నా నోటితోని నాకు చెప్పుకోరాక, దేవునికి చెప్పుకున్నట్టు నీకు చెప్పుకున్న. నువ్వేమో నవ్వి తుడిచేస్తివి. అస్సలు నడవదంటివి. నేను గూడ గట్లనే అనుకున్న. నడవదు, ఎవ్వరికి చెప్పొద్దు అని."

ఆమె చేతిని పట్టుకుని ఏడ్చాను.

అక్కడితో అయిపోలేదు. ఆమె నా చేతులు రెండూ పట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. వాసన రానిదాన్ని పొయ్యి దగ్గర ఎవరు నిలవడనిస్తరు? గంటె గుంజుకుంటే నేనింక దేనికి పనికొస్త?" అంది. ఆమెకున్నది ఆ వంటిల్లే. దాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కోవడానికి నేనెవరిని? అలాగని తలకు పైన నిద్రపోయే పిల్లల సంగతి చూడకుండా ఎలా ఉంటాను? గుండె రాయి చేసుకుని చెప్పాను: "ఆదివారం దాకా ఆగుతాను. నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఈలోపు నేను లేకుండా పొయ్యి వెలిగించడానికి వీల్లేదు." ఆమె చేతులు వదిలేసింది. ఆ రెండు రోజులూ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఉదయం అయిదింటికి నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించేదాన్ని. ఆమె గోడవైపు తిరిగి బియ్యం కడిగేది. నా చేతి టీ తాగను కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇరవై ఇద్దరం భోజనాలకు కూర్చున్నాం. పప్పుచారు, బెండకాయ వేపుడు. అందరికీ వడ్డించి, బల్ల చివర నిలబడి అడిగింది: "ఉప్పు ఎట్లుంది?"

"బాగుంది పెద్దమ్మా," అన్నారు అందరూ, ఎప్పటిలాగే.

"నాకు వాసన రాదు బిడ్డా. రుచి తెల్వదు. రెండేండ్లాయె. ఇప్పుడు చెప్పున్రి, ఉప్పు ఎట్లుంది?"

స్రవంతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు లిఖిత కుర్చీ జరుపుకుని లేచి పైకి వెళ్లింది. దిగి వచ్చి ఒక ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టింది. "గదిలో పెట్టుకున్నాను పెద్దమ్మా. చాలా రోజుల నుంచి," అంది తల దించుకుని. ఇంకొకమ్మాయి లేచింది, ఉప్పు పొట్లం తెచ్చింది. ఆ వెనక ఇంకొకరు ఆవకాయ సీసా, మరొకరు నిమ్మకాయ కారం, కందిపొడి. ఉప్పుడబ్బా మా గదిలో ఒక్క దాంట్లోనే ఉందనుకున్నాను. ఒక్కొక్కటీ వచ్చి చేరుతుంటే బల్ల మీద కంచాలకు చోటు లేకుండా పోయింది. ఆ హాస్టల్లో రహస్యంగా ఉప్పు దాచుకోని గది ఒక్కటి కూడా లేదు!

పెద్దమ్మ వాటిని చూస్తూ నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను లేచాను. ఆమె ఏడవలేదు, మండిపడింది.

"అంటే మీ అందరికి ఎరికేనా? రెండేండ్ల సంది ఒక్కదానికి నోరు రాలేదా? అడిగినప్పుడల్ల మంచిగుంది మంచిగుంది అంటిరి. నేను నిజమనుకున్న! చెయ్యి అలవాటు పోలే, ముక్కు లేకున్నా వండుతున్న అని మురుసుకున్న!"

"స్వామికి పెట్టింది కదా పెద్దమ్మా, వంక పెట్టకూడదని..." అని ఎవరో గొణిగారు.

ఆ మాట వినగానే ఆమె మొహం మారిపోయింది. వంటింటి వైపు తిరిగింది. గుమ్మంలోంచి అలమర కనిపిస్తోంది. పటం, దాని ముందు పొద్దున పెట్టిన స్టీలు గిన్నె. గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో దేవుడా," అంది. "స్వామికి గూడ గిదే పెట్టిన. రెండేండ్లు. మీరన్న ఉప్పు దాసుకున్నరు. స్వామి ఏడ దాసుకుంటడు?"

అప్పుడు ఏడ్చింది. ఉద్యోగం పోతుందని ఏడవలేదు, మేం నవ్వుతామని ఏడవలేదు. రెండేళ్లు ఎంత నిష్ఠగా ఎంగిలి కాకుండా కాపాడుకుందో, ఆ నిష్ఠతోనే స్వామికి సప్పిడి కూడు పెట్టానని ఏడ్చింది. మేం మర్యాద అనుకుంటూ చేసిన పని ఆమెకు తెచ్చిపెట్టింది అది. మాలో ఎవరికీ కంచంలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. వంటింట్లోకి వెళ్లి పప్పుచారు బగోనె తెచ్చి బల్ల మీద దించింది. స్టీలు గిన్నెలోది పారబోసి, కడిగి, పక్కన పెట్టింది. ఒక గరిటెడు తీసి నా ముందు చాచింది.

"తాగు," అంది.

"స్వామికి ఇంకా..."

"తాగమంటున్న గద. ఎంగిలైనా మంచిదే గని సప్పిడి కూడు వద్దు. ఎట్లుందో చెప్పు. నిజం చెప్పు."

పాతికేళ్ల నియమాన్ని ఆమె నా చేతుల మీదుగా విరిచేసింది. తాగాను. "ఉప్పు లేదు పెద్దమ్మా. అస్సలు లేదు. పులుపు ఎక్కువైంది," అన్నాను. నా జీవితంలో అంత కష్టపడి చెప్పిన మాట ఇంకొకటి లేదు. ఆమె తలాడించి ఉప్పు వేసి కలిపి, మళ్లీ గరిటె చాచింది. మూడోసారికి సరిపోయింది. ఆ గిన్నెడు స్వామి ముందు పెట్టి వచ్చి, "ఇప్పుడు తినున్రి," అంది.

హాస్టల్ యజమానికి ఆ సాయంత్రం ఆమే చెప్పింది. ఆయన వంటింట్లో గ్యాసు కారితే మోగే యంత్రం పెట్టించి, పక్కన మనిషి లేకుండా పొయ్యి ముట్టించకూడదని షరతు పెట్టాడు. మేం వంతులు వేసుకున్నాం. రోజుకొకరు పొయ్యి దగ్గర నిలబడి, స్వామి కన్నా ముందు రుచి చూసి ఉన్నదున్నట్టు చెప్పాలి. మొహమాటానికి బాగుందంటే గంటె దెబ్బ పడేది. నాకు రెండుసార్లు పడింది. మోకాళ్లు మొరాయించేదాకా ఇంకో రెండేళ్లు అలాగే వండింది. ఇప్పుడు అల్మాస్‌గూడలో చెల్లెలి దగ్గర ఉంటోంది. వాసన తిరిగి రాలేదు. నేను వండి తీసుకెళ్తే ఎలా ఉందో ముందు నన్నే అడుగుతుంది. ఉప్పెక్కువైతే ఎక్కువైందని చెప్పి మరీ పెడతాను. మారు మాట లేకుండా తింటుంది.

ఆట నేను మానలేదు. ఆదివారాలు మా ఫ్లాటులోనే నా దగ్గర చదువుకున్న పిల్లలు నలుగురైదుగురు చేరుతారు. కిందటి నెల వర్ష అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. కత్తి తిప్పే వీరురాలిని తయారు చేసుకుంది. బలహీనత రాయమంటే కలం కొరుకుతూ, "నా వీరురాలు రెండు అంతస్తులు ఎక్కితే చాలు, గుండె పట్టేసి కళ్లు తిరుగుతాయి," అంది. అందరూ గొల్లుమన్నారు. కోట గోడలు ఎక్కాల్సిన వీరురాలాయె! వర్ష అందరికన్నా గట్టిగా నవ్వింది. రాసుకోమన్నాను. ఆట ముగిశాక మిగతావాళ్లు చెప్పులేసుకుంటుంటే ఆమెను వంటింట్లోకి పిలిచాను.

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"ఏంటక్కా? నా వీరురాలికా?" అంది నవ్వుతూ.

"నీకు."

నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు చూసి, బయట ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పింది: "దసరా నుంచి అక్కా. ఇంట్లో ఎవరికీ తెలీదు."